ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థి మొదటి రీసెర్చ్: వార్డులో పుట్టిన ప్రశ్న నుంచి వైవా దాకా

జబ్బు, గాయం తర్వాత రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకునేలా శిక్షణ ఇచ్చేది ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ). అది చదివే పిల్లలకి చివరి సంవత్సరం వచ్చేసరికి థీసిస్ టాపిక్ అంటేనే టెన్షన్ మొదలవుతుంది. సీనియర్ల పాత థీసిస్‌లు తిరగేస్తారు. ఒకదాంట్లో జబ్బు పేరు మారుస్తారు, ఇంకోదాంట్లో వయసు మారుస్తారు. 'ఎఫెక్ట్ ఆఫ్ ఫలానా థెరపీ ఆన్ ఫలానా ఫంక్షన్' అని ఒక టైటిల్ తయారుచేసుకుని గైడ్ గది ముందు నిలబడతారు. అలా కూడా థీసిస్ పూర్తవుతుంది, మార్కులూ వస్తాయి. కానీ ఆ పని చేసినందువల్ల ఒక్క పేషెంట్ గురించైనా మనకి కొత్తగా ఏం తెలిసిందంటే చెప్పలేం.

నా అభిప్రాయం ఇది: విద్యార్థి రీసెర్చ్ చిన్నదైనా ఫరవాలేదు, ప్రశ్న మాత్రం ఇక్కడి మనుషుల రోజువారీ పనుల్లోంచి పుట్టాలి. దాన్ని చేతిలో ఉన్న కొద్ది నెలల్లో నిజాయితీగా ముగించగలగాలి. ఎలాగో చూపించడానికి మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ పట్టుకుని నడుస్తాను. మీ టాపిక్ ఆటిజం కావచ్చు, చేతి గాయాలు కావచ్చు, మానసిక ఆరోగ్యం కావచ్చు. దారి మాత్రం దాదాపు ఇదే.

1. ప్రశ్న వెతకడం

హైదరాబాద్‌లో ఏ పెద్ద ఆసుపత్రి న్యూరో ఓపీలో ఒక పూట కూర్చున్నా కుడివైపు పక్షవాతం వచ్చినవాళ్లు కనిపిస్తారు. పుస్తకం ఏం చెబుతుంది? వాటంగా వాడే చెయ్యి పడిపోతే రెండో చేతికి శిక్షణ ఇవ్వమంటుంది. ఇక్కడ అది అంత తేలిక కాదు. నలుగురి మధ్య కూర్చుని ఎడమచేత్తో అన్నం కలుపుకోవడానికి చాలామందికి మనసొప్పదు. 'తిన్నారా పెద్దాయనా' అని అడిగితే పక్కనున్న భార్యే జవాబు చెబుతుంది: 'నేనే తినిపిస్తా మేడమ్, ఆయనకు చెయ్యి లేస్తలేదు.' కానీ మీరు పరీక్షించి చూస్తే ఆయన ఎడమచెయ్యి నిక్షేపంగా పనిచేస్తుంటుంది. కుడిచేతి వేళ్లు కూడా కొంత ముడుచుకుని తెరుచుకుంటుంటాయి.

ఇక్కడే ప్రశ్న ఉంది. ఇలాంటివాళ్లలో ఎంతమంది ఎడమచేత్తో తింటున్నారు, ఎంతమంది స్పూన్‌కి మారారు, ఎంతమందికి ఇంట్లోవాళ్లు తినిపిస్తున్నారు? తినిపించుకుంటున్నవాళ్లలో నిజానికి సొంతంగా తినగలిగినవాళ్లు ఎందరు? 'చేయగలరు' వేరు, 'చేస్తున్నారు' వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తెచ్చిన ఐసీఎఫ్ (మనుషుల పనితీరు, వైకల్యాల వర్గీకరణ) కూడా ఈ రెంటినీ కెపాసిటీ, పెర్ఫార్మెన్స్ అని విడదీస్తుంది. మన వృత్తికి పని ఉండేది ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలోనే.

ప్రశ్న మన ఊళ్లోంచే పుట్టొచ్చనడానికి పెద్ద ఉదాహరణ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడే జనం మనకి మామూలే. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు) ఉన్న 648 మంది కేసు రికార్డులు పరిశీలించింది. వాళ్లలో 391 మంది రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష తెలిసినవాళ్లతో పోలిస్తే వీళ్లలో డిమెన్షియా సుమారు 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో న్యూరాలజీ జర్నల్‌లో ప్రచురించారు. కొత్త మందు లేదు, కోట్ల రూపాయల యంత్రం లేదు. ఊరి స్వభావాన్ని గమనించి, రికార్డులు జాగ్రత్తగా చదివారు. అయితే ఇది పరిశీలన మాత్రమే కాబట్టి, భాషల వల్లే జబ్బు ఆలస్యమైందని దీనితో తేల్చలేం. ఈ తేడా మొదటిరోజే మనసులో పెట్టుకోండి, చివర్లో మీ థీసిస్‌కీ ఇదే వర్తిస్తుంది.

వారం పాటు జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, వార్డులో 'ఇదెందుకిలా' అనిపించిన ప్రతిదీ రాసుకోండి. పేషెంట్ పేరు రాయొద్దు, విషయం ఒక్కటీ చాలు.

2. ప్రశ్నని కుదించడం

నోట్‌బుక్‌లో ఉన్నది ఇంకా కుతూహలమే. దాన్ని రీసెర్చ్ ప్రశ్న చేయాలంటే నాలుగు సంగతులు తేలాలి: ఎవరు, ఎక్కడ, ఏం కొలుస్తాం, ఎప్పుడు. థెరపీ ఫలితం చూసే స్టడీ అయితే దేనితో పోలుస్తున్నామో కూడా చెప్పాలి. పాఠాల్లో వినే పీకో సూత్రం (ఎవరు, ఏ థెరపీ, దేనితో పోలిక, ఏ ఫలితం) కూడా ఇలాంటిదే.

మన ఉదాహరణ ఇలా మారుతుంది: 'మొదటిసారి స్ట్రోక్ వచ్చి మూడు నెలలు దాటి, ఇంట్లో ఉంటూ ఓపీకి వచ్చే, కుడిచేతి వాటం ఉన్న కుడి హెమిప్లీజియా (కుడివైపు పక్షవాతం) పేషెంట్లు ఇంట్లో భోజనం ఏ విధంగా చేస్తున్నారు? సొంతంగా తినగలిగీ తినిపించుకుంటున్నవాళ్లు వంద మందిలో ఎందరు?' మూడు నెలలు ఎందుకంటే తొలి వారాల్లో పరిస్థితి రోజురోజుకీ మారుతుంటుంది. ఇలా ప్రతి షరతుకీ ఒక కారణం చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ షరతు తీసేయండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కుడివైపు పడిపోయిందంటే దెబ్బ మెదడు ఎడమభాగంలో తగిలిందని అర్థం. మాట కూడా ఎక్కువమందికి అక్కడే ఉంటుంది. అందుకే కుడి హెమిప్లీజియాతో పాటు అఫేసియా, అంటే మాట దెబ్బతినడం, తరచూ వస్తుంది. పని సులువవుతుందని 'మాట రానివాళ్లని తీసుకోం' అని ఎక్స్‌క్లూజన్‌లో రాసేస్తే, ఎక్కువగా దెబ్బతిన్నవాళ్లే మీ లెక్కలోంచి జారిపోతారు. తినిపించుకునేవాళ్ల సంఖ్య ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. మాట రాకపోయినా బొమ్మలు చూపించి అడగొచ్చు, భోజనం కళ్లతో చూడొచ్చు, ఇంటివాళ్లని అడగొచ్చు. ఎక్స్‌క్లూజన్ రాసేటప్పుడల్లా 'దీనివల్ల ఎవరు మాయమవుతున్నారు' అని ఒకసారి చూసుకోండి.

3. చదవడం

రివ్యూ ఆఫ్ లిటరేచర్ అంటే ముప్పై అబ్‌స్ట్రాక్టులు కాపీ చేసి, ఒక్కోదానికి 'ఈయన ఇలా అన్నారు' అని రాసుకుంటూ పోవడం కాదు. మీ ప్రశ్నకి ఇప్పటికే ఎవరైనా జవాబు చెప్పారా, చెబితే ఎక్కడ ఆగారు అని చూడటం.

వైద్య పరిశోధన పేపర్లు వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైట్ ఉచితం, దాంతో మొదలుపెట్టండి. ఒకే భావానికి ఉన్న వేర్వేరు మాటల మధ్య 'ఆర్' పెట్టండి: స్ట్రోక్, హెమిప్లీజియా, హెమిపరేసిస్. వేర్వేరు భావాల మధ్య 'అండ్' పెట్టండి: స్ట్రోక్ ఒకవైపు, ఈటింగ్ లేదా ఫీడింగ్ లేదా సెల్ఫ్ కేర్ ఇంకోవైపు. చేత్తో తినడం గురించి తక్కువే దొరికితే కంగారుపడొద్దు. చాప్‌స్టిక్స్ అని కూడా వెతకండి. తూర్పు ఆసియా వాళ్లకీ స్పూన్, ఫోర్క్ చుట్టూ తయారైన పరీక్షలతో ఇదే ఇబ్బంది. వాళ్లు దాన్ని ఎలా దాటారో చూస్తే మీకు దారి దొరుకుతుంది. మన దేశపు థీసిస్‌ల కోసం శోధ్‌గంగ ఉంది. ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ పాత సంచికలు తప్పకుండా చూడండి. అది ఆల్ ఇండియా ఆక్యుపేషనల్ థెరపిస్ట్స్ అసోసియేషన్ అధికారిక పత్రిక, ఇక్కడి వార్డుల వాసన అందులోనే ఎక్కువ.

పేపర్ చదివేటప్పుడు డిస్కషన్ చివరికి పెట్టుకోండి. ముందు మెథడ్స్, తర్వాత టేబుళ్లు చదివి, 'దీన్నిబట్టి నేనైతే ఏం చెబుతాను' అని ఒక వాక్యం రాసుకోండి. ఆ తర్వాత రచయితలు ఏం చెప్పారో చూడండి. రెంటికీ తేడా ఉంటే అక్కడ ఆగి ఆలోచించాలి. చదివిన ప్రతి పేపర్‌కి ఎక్సెల్‌లో ఒక వరస: ఎంతమంది, ఏ దేశం, ఏ స్కేల్, ఏం తేలింది, మన పనికి ఎక్కడ పనికొస్తుంది. రిఫరెన్సులకి జొటేరో వాడండి, అదీ ఉచితమే. చివరి వారంలో చేత్తో నంబర్లు మార్చే బాధ తప్పుతుంది.

ఏఐ చాట్‌బాట్‌ని రిఫరెన్సులు అడిగితే లేని పేపర్‌ని ఉన్నట్టు, రచయితల పేర్లతో సహా ఇచ్చే ప్రమాదం ఉంది. ప్రతిదాన్నీ పబ్‌మెడ్‌లో తెరిచి, కళ్లారా చూశాకే లిస్టులో పెట్టండి. పేషెంట్ల వివరాలు మాత్రం దాంట్లో పేస్ట్ చేయనే చేయొద్దు.

4. డిజైన్, ఎంతమంది

విద్యార్థులందరికీ రాండమైజ్డ్ ట్రయల్ (పేషెంట్లని లాటరీలా గ్రూపులుగా విడదీసి పోల్చే స్టడీ) చేయాలని ఉంటుంది. పేరు గొప్పగా వినిపిస్తుంది కదా. ఇక్కడి ఓపీ తీరు ఒకసారి ఆలోచించండి. నల్గొండ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన మనిషి వారానికి మూడుసార్లు చొప్పున ఎనిమిది వారాలు మీ దగ్గరికి వస్తారా? కూలి పోగొట్టుకుని వెంట వచ్చే కొడుకు రానిస్తాడా? గ్రూపుకి పదిహేను మందితో మొదలుపెట్టి, సగం మంది రాకుండా పోతే ఆ లెక్కలతో చెప్పగలిగేది ఏమీ మిగలదు.

ఒక్కసారి కలిసి కొలిచే క్రాస్ సెక్షనల్ స్టడీ మన ప్రశ్నకి సరిగ్గా సరిపోతుంది. థెరపీ ఫలితమే చూడాలని గట్టిగా ఉంటే సింగిల్ సబ్జెక్ట్ డిజైన్ గురించి గైడ్‌తో మాట్లాడండి. ఇద్దరు ముగ్గురు పేషెంట్లని థెరపీకి ముందు చాలాసార్లు, థెరపీ నడుస్తుండగా చాలాసార్లు కొలిచి, ప్రతి ఒక్కరినీ వాళ్లతోనే పోల్చే పద్ధతి అది. ఒక్కో మనిషికి ఒక్కో లక్ష్యం పెట్టుకునే మన వృత్తికి అది బాగా నప్పుతుంది, అయినా ఇక్కడ దాన్ని ఎందుకో తక్కువగా వాడతారు. ఏ రకంగా థెరపీ ఇచ్చి ఫలితం చూసే స్టడీ అయినా, మొదటి పేషెంట్‌ని తీసుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో నమోదు చేయాలి. ఫీజు లేదు. 2018 ఏప్రిల్ 1 నుంచి, మొదలైపోయిన స్టడీలని అక్కడ నమోదు చేసుకోవడం లేదు. 'తర్వాత చూద్దాం' అంటే కుదరదు.

ఎంతమంది కావాలి? శాతం తెలుసుకునే స్టడీకి మన కాలేజీల్లో అందరూ వాడే సూత్రం నాలుగు పీక్యూ బై డీ స్క్వేర్. పీ అంటే మనం ఊహించే శాతం, క్యూ అంటే వందలో మిగిలింది, డీ అంటే ఎంత అటూఇటూ అయినా ఒప్పుకుంటామో ఆ శాతం. ముందే ఏమీ తెలియకపోతే పీ 50 అనుకోవాలి, ఎక్కువమంది కావాలని చెప్పేది అదే. డీ 5 అయితే 400 మంది కావాలి, 10 అయితే 100 మంది, 13 అయితే సుమారు 60 మంది. ఆరు నెలల్లో ఒక్క విద్యార్థి 400 మందిని చూడటం కలలో మాట. 60 మందితో చేసి, 'మా జవాబు 13 శాతం అటూఇటూగా ఉండొచ్చు' అని ముందే ఒప్పుకుంటే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. '30 మందిని తీసుకున్నాం, అందరూ అంతే తీసుకుంటారు' అనేదే వైవాలో, అంటే చివరి మౌఖిక పరీక్షలో, నిలబడదు.

ఆ 60 మందిని ఏరుకోవద్దు. షరతులకి సరిపోయినవాళ్లు వరసగా ఎవరొస్తే వాళ్లని అడగండి. కాదన్నవాళ్ల సంఖ్య, చెబితే కారణం, రాసిపెట్టండి. క్యాలెండర్ కూడా చూసుకోండి. సంక్రాంతికి ఊరంతా ఖాళీ అవుతుంది, ఓపీ కూడా. జనవరి రెండు, మూడో వారాల మీద ఆశ పెట్టుకోవద్దు.

5. కొలత

థీసిస్ నిలబడేదీ, పడిపోయేదీ ఇక్కడే. అందుకే కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

రోజువారీ పనులు ఎంత సొంతంగా చేసుకుంటున్నారో కొలిచే బార్తెల్ ఇండెక్స్ 1965లో వచ్చింది, మనవాళ్లందరికీ తెలుసు. పది అంశాలు, మొత్తం 100 మార్కులు. అందులో భోజనానికి 0, 5, 10 ఉంటాయి. బాగా వాడుకలో ఉన్న ఫారంలో 5 మార్కులకి వివరణ ఏమిటంటే: ముక్కలు కోయడానికి, వెన్న పూయడానికి సాయం కావాలి. ఏ ఇంట్లో? మన పళ్లెంలో కోయడానికేం ఉంది, పూయడానికేం ఉంది? దీన్ని ఉన్నదున్నట్టు వాడితే ఒక విద్యార్థి తినిపించుకునే పేషెంట్‌కి 0 వేస్తాడు, ఇంకో విద్యార్థి 'అన్నం కలిపిస్తే తింటాడుగా' అని 5 వేస్తుంది. ఇద్దరిదీ తప్పు కాదు, ఫారంలో మన భోజనం లేదు.

చేత్తో తినడాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. పళ్లెం దగ్గరికి లాక్కోవాలి. పప్పు పోసిన చోట వేళ్ల కొసలతో అన్నం చిదిమి కలపాలి. కొంత వేరుచేసి పళ్లెం అంచుకి ఆనించి ముద్ద చేయాలి. నాలుగు వేళ్లని దోసిలిలా వంచి ముద్దని పైకెత్తాలి. మణికట్టు తిప్పుతూ నోటి దగ్గరికి తేవాలి. చివర్లో బొటనవేలి వెనకభాగంతో ముద్దని లోపలికి తొయ్యాలి. ఈ ఆఖరి కదలిక మనకి ఎంత అలవాటంటే ఉందని కూడా గుర్తుండదు. బొటనవేలు కదలని పేషెంట్ విషయంలో మాత్రం మొత్తం అక్కడే ఆగిపోతుంది. ముద్ద వేళ్ల మీద ఉంటుంది, నోరు తెరిచి ఉంటుంది, అన్నం ఒళ్లో పడుతుంది. పెరుగన్నం అయితే ముద్ద నిలవదు. జొన్నరొట్టె అయితే ఇంకో కథ, ఒంటిచేత్తో తుంచడం ఆరోగ్యవంతులకే కష్టం. కాబట్టి అందరినీ ఒకే రకం భోజనంతో చూడాలి: అంచు ఉన్న స్టీలు పళ్లెం, కొలిచిన అన్నం, పప్పు. ఎత్తు కూడా ఒకటే ఉండాలి, నేల మీద బాసింపట్టు వేసుకుని తినడం వేరు, బల్ల దగ్గర కుర్చీలో తినడం వేరు.

ఈ మెట్లతో ఒక చెక్‌లిస్ట్ తయారుచేయండి. ఒక్కో మెట్టుకి సొంతంగా, కొంత సాయంతో, చేయలేరు అని మూడు గళ్లు చాలు. అనుభవం ఉన్న ఐదారుగురు థెరపిస్టులకి చూపించి, ఏది అనవసరం, ఏది వదిలేశారు అని అడగండి. తర్వాత మీరూ, మీ బ్యాచ్‌మేట్ ఒకరూ పదిమంది భోజనాన్ని ఒకే సమయంలో, ఒకరి షీట్ ఒకరు చూడకుండా మార్క్ చేయండి. ఎంతవరకు కలిశాయో కప్పా లెక్కతో చూపించవచ్చు. ఎక్కడ కలవలేదో ఆ మెట్టు వివరణ తిరగరాయండి. బార్తెల్‌ని కూడా పక్కన ఉంచుకోండి, బయటివాళ్ల స్టడీలతో పోల్చుకోవడానికి అవసరం.

చెక్‌లిస్ట్ చెప్పేది 'చేయగలరా' అన్నదే. 'చేస్తున్నారా' అన్నది అడిగి తెలుసుకోవాలి. 'మీరు స్వతంత్రంగా భోజనం చేయగలుగుతున్నారా' అని అడిగితే మొహమాటానికి అవునంటారు. 'నిన్న రాత్రి అన్నం ఎలా తిన్నారు? ఎవరు కలిపారు? ఎక్కడ కూర్చున్నారు?' అని అడిగితే జరిగింది చెబుతారు. నిన్న మధ్యాహ్నం అని కాకుండా రాత్రి అనడానికి కారణం ఉంది. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవాళ్లకి మధ్యాహ్నం ప్రశ్న పనికిరాదు. జవాబు పేషెంట్ చెప్పారా, ఇంటివాళ్లు చెప్పారా అన్నదానికి ఫారంలో వేరే గడి ఉండాలి. ఈ రెండు జవాబులూ తరచూ వేరుగా ఉంటాయి, ఆ తేడా కూడా ఒక ఫలితమే.

ఇంగ్లిష్ ప్రశ్నావళిని తెలుగులోకి తెస్తే దానికో పద్ధతి ఉంది. ఇద్దరు వేర్వేరుగా అనువదిస్తారు. రెంటినీ కలిపి ఒకటి చేస్తారు. అసలు ప్రశ్నావళి చూడని ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. నిపుణుల బృందం అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. చివరగా 30, 40 మందిమీద వాడి, అర్థమవుతోందో లేదో అడుగుతారు. ఇదే ఒక థీసిస్‌కి సరిపోయే పని. పాతబస్తీ నుంచి వచ్చేవాళ్ల కోసం ఉర్దూలో కూడా కావాలి. అప్పటికప్పుడు నోటితో అనువదించి అడిగితే ప్రతిసారీ కొత్త ప్రశ్న అడిగినట్టే. ఇంకోమాట, సీఓపీఎం, ఎఫ్ఐఎం లాంటి కొలత ఫారాలు కాపీరైట్ ఉన్నవి. సీనియర్ దగ్గర పీడీఎఫ్ ఉందంటే అనుమతి ఉన్నట్టు కాదు.

6. సినాప్సిస్, ఎథిక్స్ కమిటీ

ఇప్పటిదాకా ఆలోచించినదాన్ని నాలుగైదు పేజీల్లో పెడితే సినాప్సిస్ అవుతుంది. దాన్ని ఇన్‌స్టిట్యూషనల్ ఎథిక్స్ కమిటీకి ఇవ్వాలి. మన దేశంలో వీటికి ఆధారం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు. కమిటీలో డాక్టర్లే కాకుండా న్యాయం తెలిసినవాళ్లు, వైద్యంతో సంబంధం లేని సామాన్య వ్యక్తి కూడా ఉంటారు. మీ కన్సెంట్ ఫారాన్ని ముందు అలాంటి మనిషి ఒకరితో, ఇంట్లో పిన్నితోనో బాబాయితోనో, చదివించండి. వాళ్లకి అర్థం కానిది పేషెంట్‌కీ అర్థం కాదు. అనుమతి రాకముందు ఒక్కరి డేటా కూడా తీసుకోకూడదు. వెనక తేదీతో అనుమతి ఎవరూ ఇవ్వరు.

కన్సెంట్ అంటే సంతకం మాత్రమే అనుకోకండి. యాప్రాన్ వేసుకుని అడిగితే మన దగ్గర పేషెంట్లు కాదనరు. 'ఇది మీ ట్రీట్‌మెంట్ కాదు, నా చదువు కోసం చేసే పరిశీలన. వద్దంటే మీ వైద్యంలో ఏ తేడా రాదు' అని చెప్పి, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వండి. వాళ్లకి థెరపీ ఇచ్చేది మీరే అయితే కన్సెంట్ ఇంకొకరు తీసుకోవడం మేలు. చదువు రానివాళ్ల దగ్గర వేలిముద్ర తీసుకునేటప్పుడు, మీ బృందంతో సంబంధం లేని సాక్షి ఉండాలి. పిల్లల మీద చేసే స్టడీ అయితే తల్లిదండ్రుల అనుమతి చాలదు. 7 నుంచి 12 ఏళ్ల పిల్లల ఒప్పుకోలు నోటిమాటగా, 12 దాటి 18 లోపు వాళ్లది రాతలో తీసుకోవాలి.

మన ఉదాహరణలో ఇంకో ప్రమాదం ఉంది. స్ట్రోక్ తర్వాత కొందరికి మింగడం సరిగా ఉండదు. భోజనం పెట్టి చూస్తామంటే పొలమారే అవకాశం ఉన్నట్టే. రైల్స్ ట్యూబ్ ఉన్నవాళ్లని, నోటితో తినొద్దని డాక్టరో స్పీచ్ థెరపిస్టో చెప్పినవాళ్లని తీసుకోకూడదు. మిగతావాళ్లకి ముందు మింగడం పరీక్షించాలి, పరిశీలన సమయంలో సీనియర్ ఒకరు పక్కనుండాలి. కమిటీ అడిగేదాకా ఆగకుండా ఇదంతా సినాప్సిస్‌లో మీరే రాయండి.

7. పైలట్, ఆ తర్వాత

ఐదుగురితో ఒకసారి మొత్తం నడిపి చూడండి. ఒక్కొక్కరికి ఎంతసేపు పడుతోంది, ఏ ప్రశ్న దగ్గర మొహం ముడుచుకుంటున్నారు, అన్నం ఎక్కడినుంచి తెస్తారు, తర్వాత చేతులు ఎక్కడ కడిగిస్తారు. ఇలాంటి చిన్న విషయాల దగ్గరే స్టడీలు ఆగిపోతాయి. పైలట్ తర్వాత ఫారం మార్చాల్సి వస్తే కమిటీకి తెలియజేయండి.

డేటా ఏ రోజుది ఆ రోజే ఎక్సెల్‌లోకి ఎక్కించండి. మాస్టర్ చార్ట్‌లో పేర్లుండవు, కోడ్ నంబర్లే ఉంటాయి. పేరుకీ కోడ్‌కీ లింక్ ఉన్న కాగితం విడిగా తాళంలో ఉండాలి. పేషెంట్ తింటున్న వీడియోలు బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోకి వెళ్లకూడదు, మొహం కనిపించకపోయినా సరే.

8. లెక్కలు

స్టాటిస్టీషియన్ దగ్గరికి డేటా అంతా అయ్యాక వెళ్లి 'ఏదైనా సిగ్నిఫికెంట్ వచ్చేలా చూడండి సార్' అని అడగడం మన కాలేజీల్లో పాత జబ్బు. సినాప్సిస్ దశలోనే వెళ్లండి, ఏ టేబుళ్లు వస్తాయో ఖాళీ గళ్లతో గీసుకుని మరీ వెళ్లండి. జమోవి, ఆర్ రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లు. జమోవి నేర్చుకోవడానికి తేలిక.

మన స్టడీకి కావలసింది ముఖ్యంగా శాతాలు, వాటి కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు సంఖ్య ఉండగల హద్దులు). ఉదాహరణకి 60 మందిలో 24 మంది తినిపించుకుంటున్నారు అనుకుందాం. అది 40 శాతం. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ సుమారు 28 నుంచి 52. అంటే అసలు సంఖ్య నాలుగింట ఒక వంతుకి దగ్గర్లోనూ ఉండొచ్చు, సగం దాకానూ ఉండొచ్చు. ఆ వెడల్పుని దాచకుండా రాయండి.

ఆడ, మగ తేడా ఉందా, ఉమ్మడి కుటుంబంలో ఎక్కువా అని చూడటానికి కై స్క్వేర్ పరీక్ష సరిపోతుంది. గడిలో రావలసిన సంఖ్య 5 కన్నా తక్కువైతే ఫిషర్ పరీక్ష చూడండి. అలాగని ఉన్న ప్రతి కాలమ్‌నీ ప్రతి కాలమ్‌తో కలిపి చూడకండి. ఏ సంబంధమూ లేని చోట కూడా ఇరవై పరీక్షలు చేస్తే, సగటున ఒకదాంట్లో పీ విలువ 0.05 కన్నా తక్కువ వస్తుంది, అంటే కాకతాళీయంగా వచ్చిందే 'సిగ్నిఫికెంట్' అనిపిస్తుంది. ఏ రెండు మూడు పోలికలు చూస్తారో ముందే రాసుకోండి. కండరాల బిగుతుని కొలిచే మాడిఫైడ్ ఆష్‌వర్త్ లాంటి స్కేళ్లలో అంకెలు వరస మాత్రమే చెబుతాయి. వాటికి సగటు తీయకుండా మీడియన్ (వరసలో మధ్య విలువ) ఇవ్వండి. ఆష్‌వర్త్‌లో '1 ప్లస్' అనే గ్రేడ్‌ని 1.5 అని వేసి సగటు తీసిన థీసిస్‌లు లైబ్రరీ అరల నిండా ఉన్నాయి.

9. రాయడం, బయటికి పంపడం

మెథడ్స్ ముందు రాయండి, పని జరుగుతుండగానే. ఆ తర్వాత రిజల్ట్స్, డిస్కషన్, చివరగా ఇంట్రడక్షన్. అబ్‌స్ట్రాక్ట్ అన్నిటికన్నా ఆఖరు. పరిశీలన స్టడీలకి స్ట్రోబ్ అనే 22 అంశాల చెక్‌లిస్ట్ ఉంది, కేస్ రిపోర్టులకి కేర్ ఉంది. పక్కన పెట్టుకుని రాస్తే సగం తప్పులు ముందే దొరుకుతాయి. డిస్కషన్‌లో 'ఎడమచేత్తో తినడానికి సిగ్గు వల్లే తినిపించుకుంటున్నారు' అని రాయాలనిపిస్తుంది. సిగ్గుని మీరు కొలిచారా? కొలవకపోతే 'కారణం ఇదై ఉండొచ్చు' దగ్గర ఆగాలి.

మీ పనిని అసోసియేషన్ ఏటా జరిపే ఓటీకాన్ సదస్సుకి పంపొచ్చు, తర్వాత జర్నల్‌కి. మూడు రోజుల్లో అచ్చు వేస్తాం, ఇంత ఫీజు కట్టండి అని మెయిల్ వస్తే డబ్బు కట్టొద్దు. డీఓఏజేలో (ఉచితంగా చదవగలిగే జర్నళ్ల జాబితా), పబ్‌మెడ్‌లో ఆ జర్నల్ ఉందో లేదో చూసి, గైడ్‌ని అడగండి. రచయితల పేర్ల గొడవ కూడా ముందే తేల్చుకోండి. స్టడీలో నిజంగా పాలుపంచుకుని, రాతలో చెయ్యి వేసి, తుది ప్రతిని ఒప్పుకుని, దానికి బాధ్యత వహించేవాళ్లే రచయితలు. గది ఇచ్చినవాళ్లకీ, పేషెంట్లని పంపినవాళ్లకీ కృతజ్ఞతల పేజీ ఉంది. మన దగ్గర ఈ మాట హెచ్ఓడీ ముందు అనడం కష్టమే, గైడ్ చేత అనిపించండి.

10. వైవా

పరీక్షకులు అడిగేవి తిప్పితిప్పి ఇవే: ఈ ప్రశ్న ఎందుకు, ఇంతమందే ఎందుకు, ఈ స్కేలే ఎందుకు, మళ్లీ చేస్తే ఏం మారుస్తారు. మొదటి మూడింటికీ జవాబులు పై మెట్లలోనే తయారై ఉంటాయి. నాలుగోదానికి 'లిమిటేషన్స్' పేజీ చూసి చదవకండి. ఓపీకి రాగలిగినవాళ్లనే చూశాం కాబట్టి, ఇల్లు కదలలేనివాళ్లు మా లెక్కలో లేరు; ఆసుపత్రి బల్ల మీద చూసిన భోజనం ఇంట్లో భోజనం కాదు; మళ్లీ చేస్తే కొందరి ఇళ్లకి వెళ్లి చూస్తాం. ఇంత సూటిగా చెబితే చాలు. వైవా అయ్యాక పేర్లు లేని మాస్టర్ చార్ట్, తెలుగు, ఉర్దూ ఫారాలు, చెక్‌లిస్ట్ తుది ప్రతి ఒక ఫైల్‌లో పెట్టి డిపార్ట్‌మెంట్‌కి ఇవ్వండి. ఇంటికెళ్లి చూసే ఆ స్టడీ వచ్చే బ్యాచ్‌లో ఎవరైనా మొదలుపెట్టాలంటే ముందు కావలసినవి అవే.